సాలు తప్పిన చోట

వంతుకు పన్నెండు రోజులు

ఊటదిన్నె పరిశీలన కేంద్రం. రాస్తున్నది ప్రహ్లాదరావు.

ఉదయం నలభై రెండో రాయిని తూచాను. తొమ్మిది వందల పదహారు గ్రాములు. నలుపు. పిడికిలి కన్నా కాస్త పెద్దది. ఒక అంచు కొత్తగా విరిగి ఉంది. విరిగిన పెచ్చు బొటనవేలి గోరంత ఉండాలి. అది దొరకలేదు.

తూకం చూడకముందే ఎంత ఉంటుందో చెప్పడం హైమకు అలవాటు. పది, ఇరవై గ్రాముల తేడాతో చెప్పేది. ఇప్పుడు త్రాసు చెప్పేదాకా గదిలో ఎవరూ ఏమీ అనరు. ఆమె పోయి పద్నాలుగు నెలలు.

ఈ రాయి తగిలి బజారి అనే రైతు చనిపోయాడు. ఈ ఏటి మూడో వాన వంతు రోజున, తన చేలోనే. మెడకూ భుజానికీ మధ్య దెబ్బ. పక్క చేను అతని చిన్నాన్న కొడుకు మద్దిలేటిది. ముందురోజు ఇద్దరూ గట్టు దగ్గర కొట్టుకోబోయారు. నువ్వు గట్టు చెక్కావంటే నువ్వు చెక్కావని గొడవ. ఊరంతా చూసింది. రాయి పైనుంచి పడిందని మద్దిలేటి అంటున్నాడు. ఇరవై ఎనిమిది రోజులుగా తాలూకా ఠాణాలో ఉన్నాడు.

మధ్యాహ్నం విచారణాధికారి ఫర్జానా పలక తెర మీద కనిపించింది.

“సార్, నాలుగో వంతు అయిన రెండో రోజు తీర్పు. మీ నుంచి ఒక్క వాక్యం కావాలి. మేడమ్ పటం... హైమవతి పటం ఈ కేసుకు వర్తిస్తుందా, లేదా?”

“వర్తిస్తుందని రాస్తే?”

“ఉప్పు మడులు. జీవితాంతం.”

అక్కడ జీవితాంతం అంటే ఆరేళ్ళు. మబ్బుల కోసం ఉప్పు తవ్వేవాళ్ళ ఊపిరితిత్తులు అంతకు మించి నిలవవు.

ఫర్జానా హైమ దగ్గర చదువుకుంది.

వంతుకు పదకొండు రోజులు

పలకలో ఫర్జానా అడిగినవాటికి జవాబులు పంపాను. ఇక్కడా రాసి ఉంచుతున్నాను.

వాన మేఘ మండలి చేతిలో ఉంది. నలభై రోజులకు ఒక వంతు. మబ్బుతెప్పలు కొండ దాటి వస్తాయి. రాతిపొడి, ఉప్పు కలిపి కాల్చి పైన చల్లుతాయి. మూడు గంటలు కురిసి వెళ్ళిపోతాయి. ఆ తర్వాత చేలల్లో నల్లరాళ్ళు కనబడుతున్నాయని, ఆకాశం నుంచి పడుతున్నాయని జనం చెప్పడంతో ఈ కేంద్రం పెట్టారు. రాళ్ళను తూచి, కోసి చూడడం నా పని. ఇళ్ళకు వెళ్ళి మనుషులను అడగడం హైమ పని.

తెప్పలు కాల్చే పొడి ఈ కొండరాతి పొడే. కాబట్టి రాయిని కోసి లోపల చూస్తే అది పైన పుట్టిందో కింద పుట్టిందో తెలియదు. రెంటిలోనూ ఉండేది ఒకటే. అది ఎక్కడ పడి ఉన్నది అన్నదొక్కటే ఆధారం.

హైమ దాదాపు ఐదేళ్ళు తిరిగి నలభై ఒక్క రాళ్ళు దొరికిన చోట్లను పటం మీద పెట్టింది. ప్రతి ఒక్కటీ గట్టు మీద. చేను మధ్యలో ఒక్కటి లేదు. పైనుంచి పడేవి గట్లనే వెతుక్కుని పడవు. ఈ గట్లను పాతికేళ్ళ కింద యంత్రాలతో కొండవాలు మట్టి తెచ్చి పోశారు. వాన దెబ్బకు మట్టి కరిగితే అందులోని రాళ్ళు బయట పడతాయి. ఏదీ ఆకాశం నుంచి రాలడం లేదు. మండలి ఆ పటాన్ని అచ్చు వేసింది. ఇప్పుడు బడుల్లో చెబుతున్నారు.

బజారి పడిపోయిన చోటు గట్టుకు నలభై అడుగుల దూరం. రాయి గట్టు మీద దొరికింది. గట్టు రాయి నలభై అడుగులు దానంతట అది వెళ్ళి మనిషిని కొట్టి మళ్ళీ గట్టెక్కదు. ఒక చెయ్యి కావాలి. ఆ సమయంలో గట్టు దగ్గర ఉన్న మనిషి మద్దిలేటి.

తర్కంలో లోపం లేదు. వాక్యం రాయడానికి కూర్చున్నాను. చనిపోయిన చోటు చూడకుండా సంతకం పెట్టకూడదని ఆపాను.

వంతుకు పది రోజులు

ఊళ్ళోకి వెళ్ళాను. కుళాయి దగ్గర ఆడవాళ్ళు వరుసలో ఉన్నారు. మనిషికి రెండు బిందెలు.

“అమ్మ ఉన్నప్పుడు కూచోని, మజ్జిగ తాగి, పిల్లోల్లను అడిగి, అప్పుడు రాయి సంగతి అడిగేది” అంది ఒకామె, నాకు వినబడేలా. “ఈ సారు నిలబడే అడుగుతాడు. మీటరు చూసేకి వచ్చినోని మాదిరి.”

“పోనీలేమ్మా, కూచోమంటే కూచుంటాడేమో. కూచోమన్నామా మనము?”

నవ్వారు. నేను కూర్చోలేదు. ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు.

బజారి తల్లి దస్తగిరమ్మ ఇంటి ముందు కొర్రలు చెరుగుతోంది. డెబ్బై దాటిన మనిషి. కోడలు, ఇద్దరు మనవరాళ్ళు ఆ ఒక్క చేను మీదే బతకాలి. మద్దిలేటికి పురిట్లోనే తల్లి పోతే పాలిచ్చి పెంచింది ఈమేనని ఠాణా కాగితాల్లో ఉంది.

“రాయి ఎక్కడ చూశారమ్మా?”

“గట్టు మీద ఉండె సారూ.”

“మీరే మొదట చూశారా?”

“గట్టు మీద ఉండె” అంది మళ్ళీ. చాట ఆపలేదు.

చేను చూస్తానంటే కోడలి వైపు చూసింది. కోడలు తలూపింది. ఇద్దరిలో ఎవరూ నాతో రాలేదు.

నల్లరేగడి. మూడో వంతు పదునుకు ఊరివాళ్ళు గొర్రు తోలి వీళ్ళకు కొర్ర విత్తి పెట్టారు. మోకాలెత్తు పెరిగింది. సాళ్ళు తాడు కట్టి గీసినంత నిటారుగా ఉన్నాయి. గట్టు నుంచి నలభై అడుగుల దగ్గర మూడు సాళ్ళు వంగాయి. రెండు ఎడమకూ ఒకటి కుడికీ తప్పుకుని, చాట వెడల్పు నేలను వదిలి, మళ్ళీ కలిశాయి. బండ ఉంటే గొర్రును అలా తిప్పుతారు. అక్కడ బండ లేదు. కాలితో తట్టి చూడబోయి మానుకున్నాను. నేల నెరెలు విచ్చి ఉంది. నెరెలు ఆ చాట వెడల్పు చుట్టూ వలయంగా తిరిగాయి.

వంతుకు తొమ్మిది రోజులు

నీళ్ళ ట్యాంకు ఎక్కాను. పలక కెమెరా కన్ను పెంచి ఒక్కో చేను చూశాను. మధ్యాహ్నం రెండింటికి దిగాను.

పటంలోని నలభై ఒక్క రాళ్ళకు సంబంధించిన చేలల్లో ముప్పైటిలో ఇప్పుడు పైరు ఉంది. ముప్పైటిలోనూ సాళ్ళు ఎక్కడో ఒక చోట తప్పుకున్నాయి. అన్నీ చేను లోపలే. గట్టు దగ్గర ఒక్కటి లేదు. రాయి దొరకలేదన్న చేలల్లో కూడా పదకొండు చోట్ల అలాగే ఉంది.

మేమిద్దరం ఎప్పుడూ వాన మర్నాడే వచ్చేవాళ్ళం. నేల నల్లగా, ఖాళీగా ఉండేది. పైరు ఉన్నప్పుడు ఏ ఏడూ రాలేదు.

మద్దిలేటి భార్య సుంకులమ్మ గట్టు మీద గడ్డి కోస్తోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె కొడవలి ఆపి నన్ను ఒకసారి, నేను కూర్చున్న చోటు ఒకసారి చూసింది.

“ఆ సాళ్ళు ఎందుకు వంగాయమ్మా?”

“గొర్రు తిరిగింటాది.”

“ముప్పై చేలల్లో తిరిగిందా?”

చాలాసేపు గడ్డి కోసింది.

“పడిన చోటు దాటగూడదు సారూ. మనుషులైనా, ఎద్దులైనా. విత్తనం ఏస్తే పైరు దాటినట్టు గాదా? ఏడు పంటలు అట్ల ఇడుస్తాము. పడినదాన్ని ఆ చేను వాళ్ళింట్లో పెద్దాయమ్మ తీసి, కడిగి, గట్టు మీద పెడతాది. గట్టు ఎవురిదీ గాదు గదా, కీడు ఎవురికీ తగలదని. మా అవ్వల కాలం నుంచి ఇంతే. అప్పుడు పిడుగులు పడుతుండెనంట, ఇప్పుడు ఇవి.”

“మరి అడిగినప్పుడు చేలో పడిందని ఎందుకు చెప్పలేదు?”

“సెప్తుంటిమి. మొదట్ల అందరమూ సెప్తుంటిమి.” కొడవలి కింద పెట్టింది. “పడిన చేనుకు మూడు వంతులు వాన ఆపుతామని నువ్వే గదా కాయితం రాసింది. ఆ తర్వాత ఎవురు సెప్తారు?”

పలక ఆర్పి పక్కన పెట్టాను.

“నేను సెప్పలేదు సారూ. నువ్వు చూసినావు. నా మొగుణ్ణి ఇడిపించుకునేకి నేను పోయి మా పెద్దమ్మ దస్తగిరమ్మ చేను సంగతి సెప్పినాననే మాట నాకొద్దు.”

వంతుకు ఎనిమిది రోజులు

పాత దస్త్రం తీశాను. ఎనిమిదేళ్ళ కిందటిది. మొదటి పేజీ చివర నా సంతకం.

“రాయి పడినట్టు చెప్పిన చేనుకు, నేల చెదరకుండా పరిశీలించే నిమిత్తం, తర్వాతి మూడు వంతులు వాన నిలపవలెను.”

తెప్పలు చేను చేను లెక్కన కురిపించగలవు. నిలపడం వాటికి కష్టం కాదు. నమూనా చెడకూడదన్నది నా ఆలోచన. రాసిన రోజు హైమ చదివి, “మూడు వంతులంటే ఒక పంట కదండీ” అంది. “నేల తడిస్తే గుంట పూడుకుపోతుంది. నమూనా ముఖ్యం” అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. పటం పని మొదలుపెట్టింది ఆ తర్వాత రెండేళ్ళకు.

ఈ నియమం కింద వాన ఆగిన చేలు మూడు. మొదటి ఏడాదే. ఆ తర్వాత ఒక్క చేను లేదు. ఆ మూడు రాళ్ళూ పటం మొదలవకముందువి, దాని లెక్కలోకి రాలేదు. రాళ్ళు చేలల్లో పడడం మానేశాయని సంతోషించి నివేదిక రాసింది కూడా నేనే.

నా నియమానికి భయపడి వాళ్ళు గట్టు అన్నారు. వాళ్ళు గట్టు అన్నందుకు హైమ గట్టు మీద చుక్క పెట్టింది. ఆ చుక్కలే మద్దిలేటిని ఉప్పు మడులకు పంపుతున్నాయి.

వంతుకు ఏడు రోజులు

మండలి కార్యాలయానికి పలకలో మాట్లాడాను. నియమాన్ని ఒక చేను వరకు సడలించమన్నాను. కుదరదన్నారు. నియమం కేంద్రం పరిశోధన మీద ఆధారపడింది, ఇప్పుడు ఆ పరిశోధన అంటే పటమే. పటం చెల్లినన్నాళ్ళూ నియమం చెల్లుతుంది. కేంద్రం పటాన్ని రాతపూర్వకంగా ఉపసంహరిస్తే నియమం అదే రోజు పడిపోతుంది. ఉపసంహరణను వెనక్కి తీసుకోవడం ఉండదు. పటం బడుల్లోంచి, పుస్తకాల్లోంచి తీసేస్తారు. పేరుతో సహా.

ఫర్జానాకు చెప్పాను.

“ముందు తవ్వి చూడండి సార్. గుంట ఉంటే అప్పుడు రద్దు చేయండి.”

“తవ్వాలంటే అక్కడ పడిందని చేను గల దస్తగిరమ్మ చెప్పాలి. చెప్పిన క్షణం ఆ చేను పడిన చేను. నాలుగో వంతు ఆగుతుంది. కొర్ర పొట్ట దశలో ఉంది, ఎండిపోతుంది. నలుగురు ఆడవాళ్ళు తినేది అదే.”

“వంతు అయ్యాక తవ్వితే?”

“రేగడి తడిస్తే ఉబ్బి నెరెలు మూసుకుంటాయి. గుంట ఉండదు.”

ఫర్జానా ఏదో రాసుకుంది.

“తవ్వకముందే రద్దు చేస్తే, అక్కడ ఏమీ లేకపోతే?”

“పటం పోతుంది. మద్దిలేటీ పోతాడు.”

“సార్, నేను మేడమ్ పటం చూసే ఈ చదువులోకి వచ్చాను” అంది. నా మీద కోపంతో కాదు. విషయం చెప్పింది, అంతే.

వంతుకు ఆరు రోజులు

సంతకం చేయలేదు.

రాగి సంకటి మాడింది. గిన్నె నానబెట్టడానికి నీళ్ళు లేవు.

వంతుకు ఐదు రోజులు

సంతకం చేయలేదు. నలభై ఒక్క రాళ్ళనూ మళ్ళీ తూచాను. తూకాలు మారలేదు.

హైమ పేరు మీద ఇల్లు లేదు, పొలం లేదు, పిల్లలు లేరు. పటం ఉంది.

వంతుకు నాలుగు రోజులు

దస్తగిరమ్మ దగ్గరికి వెళ్ళాను. కోడలు చాప వేసింది. కూర్చున్నాను. మజ్జిగ ఇచ్చారు. తాగాను. మనవరాళ్ళ పేర్లు అడిగాను. పెద్దది శివలీల, చిన్నది వీరేశమ్మ. దాని పేరు తప్పు పలికానని చిన్నది నవ్వింది. మళ్ళీ పలికించింది.

“సాళ్ళు తప్పిన చోటు చూశానమ్మా” అన్నాను.

ముసలామె నేల చూసింది.

“నా కొడుకు పడినప్పుడు నేను చేని గుడిసె వాకిట్ల ఉంటి. ఒక్క సప్పుడు. వాడు కూలిపాయ. పోయి చూస్తే రాయి మట్టిలో జానెడు దిగింది, పొగ వస్తుండె. మద్దిలేటి అవతల గట్టు మీద నుంచి పెద్దమ్మా అని కేక పెట్టి ఉరికొచ్చె. వాడు నీళ్ళకని పాయ. అంతలోపల నేను రాయి పెరికి, కడిగి, గట్టున పెడితి. గుంట పూడిస్తి. కొడుకు పానం పోతాంటే నేను రాయి కడుగుతాంటి సారూ. చేతులు వాటంతటవే చేసినాయి.”

“పోలీసులకు ఈ మాట చెప్పలేదు.”

“యాడ పడిందని సెప్తే చేనుకు వాన ఉండదు. సెప్పకుంటే వాడు ఉండడు. వాడు నా పాలు తాగినోడు. వీళ్ళు నా కొడుకు పిల్లలు.” కొంగుతో మొహం తుడుచుకుంది. “ఏది సెప్పమంటావు? నువ్వు సదువుకున్నోనివి. సెప్పు.”

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

“చేనుకు వాన ఆగకుండా చేస్తే చూపిస్తారా?”

“ఆపేది నువ్వే, ఆపనన్నా నువ్వే. నిన్ను ఎట్ల నమ్మేది నాయనా?”

“కాగితం చూపిస్తాను.”

“నాకు సదువు రాదు. పెద్దది సదువుతాది. దానికి చూపియ్యి.”

వంతుకు మూడు రోజులు

ఉదయం తొమ్మిదింటికి సంతకం చేశాను. తవ్వకముందే.

కారణం అన్న గడిలో ఇలా రాశాను: “ఈ పటంలోని నలభై ఒక్క చోట్లు రాళ్ళు పడిన చోట్లు కావు, వాటిని తీసి పెట్టిన చోట్లు. పటం గీసిన వ్యక్తి తనకు చెప్పినదాన్ని నిజాయితీగా గీసింది. చెప్పినవాళ్ళు అలా చెప్పవలసి వచ్చింది నేను రాసిన నియమం వల్ల. తప్పు నాది.”

పదకొండింటికి మండలి ముద్ర వచ్చింది. నియమం రద్దు. పటం రద్దు. బడులకు వెళ్ళే పాఠంలో ఆ పేజీ మధ్యాహ్నానికే తెల్లగా కనబడింది.

శివలీలకు కాగితం ఇచ్చాను. తొమ్మిదేళ్ళ పిల్ల. ప్రతి పదం కింద వేలు పెట్టి చదివింది. “హైమవతి ఎవురు తాతా?” అని అడిగింది.

“మా ఇంటామె.”

పిల్ల అవ్వ వైపు తిరిగి, “రాసిందిలే అవ్వా, వాన ఆపరంట” అంది.

వంతుకు రెండు రోజులు

తవ్వాము. ఉదయం ఏడింటికి. ఫర్జానా వచ్చింది, ఠాణా నుంచి ఒక జవాను వచ్చాడు, ఊరు గట్ల మీద నిలబడింది. దస్తగిరమ్మ చెప్పులు విడిచి ముందు నడిచింది. వదిలేసిన చోటు దాకా వచ్చి, దాటకుండా, అంచున కూర్చుని అరచేయి నేల మీద పెట్టింది.

“ఈడ పడింది” అంది, అందరికీ వినబడేలా.

సగానికి కోశాను. కుడి సగం తీసి ఎడమ సగం గోడలా నిలబెట్టాను. పైన జానెడు వదులు మట్టి, ఆమె చేత్తో పూడ్చింది. వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. దాని కింద మట్టి గిన్నె ఆకారంలో నొక్కుకుని, గోరు దిగనంత గట్టిగా ఉంది. గిన్నె లోపలి వైపు మట్టి కాలి ఎర్రబడింది. సన్నగా ఉప్పు పొర. చేత్తో తవ్విన గుంట అడుగు ఇలా కాలదు, ఇలా నొక్కుకోదు.

కుంచెతో దులుపుతూ పోయాను. అడుగున నల్లటి పెచ్చు. బొటనవేలి గోరంత.

నేను పక్కకు జరిగాను. పెచ్చును ఫర్జానా తీసింది. నలభై రెండో రాయిని జవాను పట్టుకున్నాడు. ఆమె పెచ్చును విరిగిన అంచుకు ఆనించి, కొద్దిగా తిప్పింది. అతుక్కుంది. మధ్య వెంట్రుక దూరే సందు లేదు.

జవాను రాయిని ఎత్తి గట్ల మీదివాళ్ళకు చూపించాడు.

“ఇప్పుడు వాడు వస్తాడా?” అంది దస్తగిరమ్మ.

“వస్తాడమ్మా” అంది ఫర్జానా. అధికారి అనవలసిన మాట కాదు. అంది.

గుంటను పూడ్చలేదు. నాపబండ కప్పాము. రెండు రోజుల్లో వాన.

నాలుగో వంతు

జనం ఇళ్ళు కదలకూడదని మండలి మొదటిసారి దండోరా వేయించింది. అంతకు మించి ఇంకా ఏమీ ఒప్పుకోలేదు. తెప్పల్లో పొడి కాల్చే కొలుములు పరీక్షిస్తామన్నారు.

పదింటికి తెప్పలు వచ్చాయి. మొత్తం పదకొండు. నీడ కేంద్రం మీదుగా వెళ్ళింది, వాన పట్టింది. కిటికీ దగ్గర కూర్చున్నాను. పదిన్నర దాటాక ఎదుటి చేలో నీరు ఒక్కసారి నిలువుగా లేచింది. తాటిచెట్టులో సగం ఎత్తు. తర్వాత ఆవిరి. తర్వాత మామూలు వాన.

ఎనిమిదేళ్ళకు పైగా వీటి మీద పనిచేస్తున్నాను. ఒకటి పడడం చూడడం ఇదే మొదలు.

బజారి చేను మీద కూడా వాన పడింది. వెళ్ళి చూసి వచ్చాను. కొర్ర నిలువునా తడిసింది.

వంతు దాటిన రెండో రోజు

తాలూకా విచారణ గది. పటం ఉపసంహరణను కర్త గానీ, కర్త తరఫువాళ్ళు గానీ నిలబడి చదవాలట.

“పటం కర్త హాజరా?” అన్నాడు గుమాస్తా.

“లేరు.”

“కారణం?”

“చనిపోయారు.”

“తేదీ?”

చెప్పాను. రాసుకున్నాడు. పేరులో దీర్ఘం ఎక్కడ వస్తుందని అడిగాడు. రాదన్నాను.

చదివాను. “తప్పు నాది” అన్న చోట న్యాయాధికారి తలెత్తి చూశారు. ఫర్జానా రాయినీ పెచ్చునూ బల్ల మీద పెట్టింది. దస్తగిరమ్మ తాను చూసింది చూసినట్టు చెప్పింది. గంటన్నరలో అయిపోయింది. మద్దిలేటిని వదిలేశారు.

సుంకులమ్మ గేటు బయట ఉంది. మొగుడు రాగానే ఏడవలేదు. “చొక్కా ఏందిట్ల మాసింది, ఉతుక్కునేకి నీళ్ళియ్యలేదా?” అంది. అతను ఏదో గొణిగాడు. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆమె అతని తల నిమిరి, “బజారి లేడు నాయనా” అంది, అతనికి తెలియనట్టు.

వాళ్ళను అక్కడే వదిలి బండి వైపు నడిచాను.

వంతు దాటిన నాలుగో రోజు

ఉదయం మద్దిలేటి కేంద్రానికి వచ్చాడు. సన్నటి మనిషి, నలభై ఉంటాయి. లోపలికి రమ్మంటే గడప బయటే నిలబడ్డాడు.

“ఇరవై ఏడోది నాది సారూ” అన్నాడు.

రాళ్ళ పుస్తకం తీశాను. ఇరవై ఏడు. మద్దిలేటి. గట్టు మీద. హైమ చేతిరాత.

“గట్టు మీద గాదు.” తల వంచుకున్నాడు. “చేను నడిమిట్ల పడింది. అప్పుడు నా చిన్న పాప కడుపులో ఉండె. వాన ఆగితే ఎట్ల అనుకుంటి. ఆ యమ్మ ఎండన పడి వచ్చింది. నీళ్ళడిగింది, ఇచ్చినా. రాయి యాడ దొరికిందప్పా అనింది. అబద్ధం ఇచ్చినా.”

“ఠాణాలో ఈ మాట చెప్పి ఉంటే...”

“సెప్తే నా చేను, ఊరోల్ల చేలు అన్నీ పడిన చేలయితాయి. నేనొక్కణ్ణి పోతే సరిపోతాదనుకున్నా. రోజూ ఎంచుకుంటి. నా రాయిని గూడ కలిపి నలభై ఒకటి. నేను సెప్పిన అబద్ధమే నా మీదికి సాక్షికొచ్చింది గదా అని.”

ఠాణాలో ఫర్జానా కేసు కాగితాలు చదివినప్పుడు ఆ లెక్క అతనికి వినిపించి ఉండాలి. నేను అడగలేదు.

“ఆ యమ్మ తప్పు రాయలేదు సారూ. మేము సెప్పిందే రాసింది. ఊర్ల అందరికీ తెలుసు ఈ సంగతి. కాయితాల్లో యాడా లేదంట గదా, పేరు తీసేసినారంట. అది సెప్పి పోదామని వచ్చినా.”

నీళ్ళు ఇచ్చాను. తాగాడు. గ్లాసు గడప మీద పెట్టాడు.

“నన్ను అడగరాదా సారూ. ఇప్పుడైతే నిజమే సెప్తా. కుళాయి దగ్గర ఆడోల్లు గూడ అదే అంటున్నారు. మమ్మల్ని గూడ అడగమను, చూపిస్తామని.”

పుస్తకం, కొలత టేపు తీసుకున్నాను. ఇద్దరం నడిచాము. వాన పదును ఇంకా ఆరలేదు, చెప్పులకు రేగడి అంటుకుంటోంది. అతని గట్టు దగ్గర ఆగాము. కొర్ర కంకి తొడుగుతోంది. గట్టు మీద కూర్చున్నాను, హైమ కూర్చున్నట్టు. పుస్తకం ఒళ్ళో తెరిచాను.

“రాయి ఎక్కడ పడింది, మద్దిలేటీ?”

అతను చెప్పులు విడిచి చేలోకి దిగాడు. నేనూ చెప్పులు విడిచి వెనకే దిగాను.